ఒక ట్యాంకు దళం దినచర్య: నార్మండీ దాడికి ముందూ తర్వాతా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. ఊరి చరిత్ర రాద్దామా, శాఖ చరిత్ర రాద్దామా అని కొన్నాళ్ళు ఆలోచించాను. చివరకు ఇంగ్లండులో పుట్టి, ఫ్రాన్సులో పోరాడిన ఒక ట్యాంకు రెజిమెంటు గురించి రాయడానికి పూనుకున్నాను. “మనకూ దానికీ ఏమిటయ్యా సంబంధం?” అని మిత్రులు అడగవచ్చు. వ్యాసం పూర్తయ్యేసరికి ఆ సంబంధం వారికే బోధపడుతుందని నా నమ్మకం.

రెండవ ప్రపంచ యుద్ధం అనగానే మనకు హిట్లరు, చర్చిల్, స్టాలిన్, ఐసెన్‌హోవర్ వంటి పెద్ద పేర్లు గుర్తుకు వస్తాయి. కాని సచివాలయంలో ఎంత గొప్ప ఉత్తర్వు జారీ అయినా, చివరకు తాలూకా ఆఫీసులో ఎవరో ఒక గుమాస్తా కూర్చుని రిజిస్టరులో ఎక్కిస్తేనే కదా అది అమలయ్యేది. యుద్ధం కూడా అంతే. పై వారు పటం మీద బాణం గుర్తు గీస్తారు. ఆ బాణం గుర్తు వెంట నడిచేవాళ్ళు పొద్దున ఎన్నింటికి లేచారు, ఏం తిన్నారు, ఎంతసేపు నిద్రపోయారు, పక్కవాడు చనిపోతే ఇంటికి ఉత్తరం ఎవరు రాశారు అన్న సంగతులు చాలా పుస్తకాల్లో ఒక మూల ఉండిపోతాయి. ఆ మూల సంగతులే ఈ వ్యాసానికి విషయం.

గుర్రాల దండు

ఆ రెజిమెంటు పేరు షెర్వుడ్ రేంజర్స్ యోమన్రీ. రాబిన్‌హుడ్ కథల్లో వచ్చే షెర్వుడ్ అడవి ఉన్న నాటింగ్‌హామ్‌షైర్ దీని స్వస్థలం. 1794లో, ఫ్రెంచి విప్లవం రోజుల్లో, స్వదేశ రక్షణ కోసం ఏర్పడిన స్వచ్ఛంద ఆశ్విక దళం ఇది. యోమన్రీ అంటే సొంత గుర్రం ఉన్న రైతులు, భూస్వాములు, వారి కౌలుదార్లు తీరిక వేళల్లో కవాతు నేర్చుకుని, అవసరం వచ్చినప్పుడు సైన్యంలో చేరే పద్ధతి. వీరు పూర్తికాలపు సిపాయిలు కారు.

1939లో యుద్ధం ప్రకటించిన కొద్ది నెలలకు వీరిని గుర్రాలతో సహా పాలస్తీనాకు పంపారు. ట్యాంకులు, విమానాలు వచ్చిన కాలంలో వీరు గుర్రాలను ఓడల్లో ఎక్కించుకుని సముద్రం దాటారంటే ఈనాడు వింతగా ఉంటుంది. కొద్ది నెలలకే గుర్రాలు పోయాయి. వీరికి తీర రక్షణ ఫిరంగులు అప్పగించి టోబ్రూక్‌కు, క్రీట్ ద్వీపానికి పంపారు. 1941లో మళ్ళీ పని మారింది. ఈసారి ట్యాంకులు. అంటే రెండేళ్ళలో మూడు ఉద్యోగాలు నేర్చుకున్నారన్నమాట. ఒక శాఖ నుంచి మరో శాఖకు బదిలీ అయి, మళ్ళీ అఆల నుంచి మొదలుపెట్టిన అనుభవం మనలో చాలామందికి ఉంది గనుక ఆ బాధ తెలుస్తుంది.

అయినా వీరు పని నేర్చుకున్నారు. 8వ ఆర్మర్డ్ బ్రిగేడులో చేరి 1942 అక్టోబరులో ఎల్ అలమీన్ యుద్ధంలో పోరాడారు. అక్కడి నుంచి ఎడారి దాటి 1943 మే నాటికి ట్యునీషియా చేరారు. ఆ దారిలో కొద్ది వారాల తేడాలో ఇద్దరు కమాండింగ్ ఆఫీసర్లను పోగొట్టుకున్నారు. 1943 చివర ఇంగ్లండు తిరిగి వచ్చారు. ఇంటి ముఖం చూసి కొందరికి నాలుగేళ్ళయింది. పడిన కష్టం చాలు, ఇక మిగిలిన యుద్ధం ఇతరులు చూసుకుంటారని వారిలో కొందరైనా ఆశపడి ఉంటే తప్పు పట్టలేం. కాని పై వారి లెక్క వేరు. ఫ్రాన్సు మీద దాడికి అనుభవం ఉన్న దళాలు కావాలి. అలా వీరికి నాలుగో ఉద్యోగం సిద్ధమైంది.

నీటి మీద తేలే ట్యాంకు

షెర్మన్ ట్యాంకు బరువు సుమారు 30 టన్నులు. దాన్ని నీటి మీద తేలించే ఉపాయాన్ని నికొలస్ స్ట్రాస్లర్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. ట్యాంకు చుట్టూ కేన్వాసు గుడ్డతో ఒక గోడ. దాన్ని గాలి నింపిన రబ్బరు గొట్టాలు నిలబెడతాయి. వెనుక రెండు ప్రొపెల్లర్లు. గుడ్డ గోడ పైకి లేస్తే ట్యాంకు పడవ అవుతుంది. ఒడ్డు చేరగానే గోడ దించేస్తే మళ్ళీ ట్యాంకు. చూడటానికి సంతలో అమ్మే పెద్ద గోనె తొట్టిలా ఉండేది. ఒడ్డు మీది శత్రువు దాన్ని చిన్న పడవ అనుకోవాలి, అది దగ్గరకు వచ్చి తుపాకి చూపించాలి, ఇదీ పథకం. రెజిమెంటులో మూడు స్క్వాడ్రన్లు ఉంటే, అందులో బి, సి స్క్వాడ్రన్లకు ఈ తేలే ట్యాంకులు ఇచ్చారు. ఎ స్క్వాడ్రన్ మామూలు ట్యాంకులతో ఓడల నుంచి నేరుగా దిగాలి.

ఒక్కసారి ఆ ట్యాంకు లోపల కూర్చున్న డ్రైవరు స్థితి ఊహించండి. అతని తల నీటి మట్టానికి దిగువన ఉంటుంది. ఎదురుగా కనిపించేది గుడ్డ ఒక్కటే. కమాండరు పైన నిలబడి, గుడ్డ అంచు మీదుగా చూస్తూ దారి చెప్పాలి. ఆ గుడ్డకు చిరుగు పడినా, పెద్ద అల ఒకటి లోపల పడినా, 30 టన్నుల ఇనుము నిమిషాల్లో అడుగుకు చేరుతుంది.

అందుకని ముందుగా మునిగితే బయటపడటం నేర్పారు. లోతైన గొయ్యిలో పాత ట్యాంకును పెట్టి, లోపల సిబ్బందిని కూర్చోబెట్టి, పైనుంచి నీళ్ళు వదిలేవారు. నీళ్ళు తల దాటేవరకు కదలకుండా కూర్చుని, మెడలోని చిన్న ఆక్సిజన్ సంచి నోట పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు పైకి రావాలి. ఎడారిలో మండుటెండలో పోరాడిన వాళ్ళలో కూడా కొందరికి ఈ నీటి పరీక్ష అంటే వణుకు పుట్టింది. తర్వాత గ్రేట్ యార్మత్ దగ్గర ఫ్రిట్టన్ సరస్సులో తేలడం నేర్చుకున్నారు. ఆపైన సముద్రంలో సాధన.

ఆ సాధన కూడా ప్రాణాంతకమే. 1944 ఏప్రిల్ 4న స్టడ్‌లండ్ అఖాతంలో జరిగిన అభ్యాసంలో, ఇదే బ్రిగేడుకు చెందిన మరో రెజిమెంటు ట్యాంకులు గాలి మారడంతో మునిగిపోయాయి. ఆరుగురు చనిపోయారు. ఇది జరిగిన రెండు వారాలకు, ఏప్రిల్ 18న, అదే చోట మరో అభ్యాసాన్ని రాజు ఆరో జార్జి, ప్రధాని చర్చిల్, జనరల్ ఐసెన్‌హోవర్, జనరల్ మోంట్‌గొమరీ కలిసి చూశారు. ఆ ఆరుగురి పేర్లతో ఆ తీరంలో ఒక స్మారక ఫలకం నిలవడానికి మాత్రం 2004 వరకు ఆగవలసి వచ్చింది.

తాళం వేసిన శిబిరాలు

దాడికి ముందు నెలల దినచర్య పైకి చూస్తే మామూలుగానే ఉండేది. పొద్దున వ్యాయామం, తనిఖీ, ఇంజను పని, తుపాకి అభ్యాసం, వైర్‌లెస్ సాధన. సాయంత్రం పబ్బు, సినిమా, డాన్సు. పెళ్ళయిన వాళ్ళు సెలవు దొరికితే ఇంటికి వెళ్ళి వచ్చేవారు. ఎడారి నుంచి వచ్చిన పాతకాపులు, కొత్తగా చేరిన పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళు ఒకే ట్యాంకులో కలిసి పనిచేయడం అప్పుడే అలవాటు చేసుకున్నారు.

మే నెల చివరికి వాతావరణం మారింది. శిబిరాల చుట్టూ కంచె వేసి కాపలా పెట్టారు. లోపలివారు బయటకు పోరాదు, బయటివారు లోపలకు రారాదు. రాసిన ఉత్తరాలు దాడి జరిగేవరకు టపాలో కదలవు. ట్యాంకుల సందులన్నిటికీ నీరు చొరబడని జిగురు పూసే పని రోజంతా సాగింది. మనిషికి కొంత ఫ్రెంచి డబ్బు, ఓడ ప్రయాణానికి వాంతి మాత్రలు, వాంతి సంచులు, లైఫ్ జాకెట్టు ఇచ్చారు. ఎక్కడ దిగబోతున్నారో చూపే పటాలు ఇచ్చినా, వాటి మీద ఊళ్ళ అసలు పేర్లు మార్చి వేశారు. అసలు పటాలు ఓడ కదిలాకే చేతికందాయి.

దాడి జూన్ 5న జరగాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉండటంతో ఒక రోజు వాయిదా పడింది. ఆ ఒక్క రోజూ వేలాది మంది ఇరుకు ఓడల్లోనే, వాంతులు చేసుకుంటూ గడిపారు. మనకు ఇంటర్వ్యూ వాయిదా పడితేనే ఆ రాత్రి నిద్ర పట్టదు. వీరికి వాయిదా పడింది ప్రాణాల మీది పరీక్ష.

జూన్ 6

బ్రిటిషు దళాలు దిగిన తీరాల్లో ఒకదానికి గోల్డ్ అని పేరు పెట్టారు. అక్కడ దిగే సమయం ఉదయం 7 గంటల 25 నిమిషాలు. అస్నెల్, ల అమెల్ అనే చిన్న ఊళ్ళ ముందు, 50వ డివిజన్ పదాతి దళానికి తోడుగా షెర్వుడ్ రేంజర్లు దిగాలి. పథకం ప్రకారం తేలే ట్యాంకులు కొన్ని మైళ్ళ దూరంలో నీళ్ళలో దిగి, పదాతి కంటె ముందే ఒడ్డు చేరాలి. కాని అలలు చూసి ఓడల అధికారులు, రెజిమెంటు అధికారులు కలిసి ఆ దూరాన్ని దాదాపు 700 గజాలకు తగ్గించారు. అలా తగ్గించినా ఎనిమిది ట్యాంకులు మునిగిపోయాయి. మిగిలినవి ఆలస్యంగా చేరాయి.

ఆ తగ్గింపు ఎంత విలువైనదో పక్క తీరం చూస్తే తెలుస్తుంది. అమెరికన్లు దిగిన ఒమాహా తీరంలో ఒక ట్యాంకు బెటాలియన్ దూరం నుంచే 29 ట్యాంకులను నీటిలోకి దింపింది. వాటిలో 27 మునిగిపోయాయి. రాసి ఉన్న ఉత్తర్వు ఒకటి, కళ్ళ ఎదుటి పరిస్థితి మరొకటి అయినప్పుడు, బాధ్యత నెత్తిన వేసుకుని మార్పు చేసిన ఆ అధికారుల పుణ్యమా అని ఇక్కడ చాలామంది బతికారు.

ల అమెల్‌లోని కాంక్రీటు స్థావరం సాయంత్రం దాకా లొంగలేదు. ఈలోగా ఎ స్క్వాడ్రన్ కమాండరు స్టాన్లీ క్రిస్టోఫర్‌సన్‌కు ఒక చిక్కు వచ్చింది. మర్నాడు బాయు పట్టణం మీదికి తనతో కలిసి వెళ్ళవలసిన ఎసెక్స్ పదాతి దళం కల్నలును ఆయన వెంటనే కలవాలి. ఇరుకు సందులన్నీ వాహనాలతో కిక్కిరిసి ఉన్నాయి. ట్యాంకు కదలదు. చూస్తే ఒక ఇంటి ముందు జీను వేసిన గుర్రం కట్టేసి ఉంది. ఆయన దాన్నెక్కి దౌడు తీశాడు. గుర్రాల దండుగా మొదలై, ట్యాంకు దండుగా మారిన రెజిమెంటు తన చరిత్రలోకెల్లా పెద్ద రోజున ఒక పని మళ్ళీ గుర్రం మీదే చక్కబెట్టుకుంది. మర్నాడు, జూన్ 7న, బాయు పట్టణం పెద్దగా దెబ్బ తినకుండా విముక్తి పొందింది. జనం పూలతో, మద్యంతో ఎదురు వచ్చారు. ఇక అంతా ఇలాగే ఉంటుందనుకున్నవారి సంతోషం ఒక్క రోజు ముచ్చటే అయింది.

ఇనుప గదిలో ఐదుగురు

బాయుకు దక్షిణాన పొలాలన్నిటికీ ఎత్తయిన మట్టి గట్లు, వాటి మీద దట్టమైన పొదలు. ఒక పొలంలో నిలబడితే పక్క పొలం కనిపించదు. ఎడారిలో మైళ్ళ దూరం చూస్తూ పోరాడిన వాళ్ళకు ఇది గంతలు కట్టుకుని నడవడమే. గట్టు వెనుక ఏ జర్మను ఫిరంగి కాచుకుని ఉన్నదీ అది పేలాకే తెలుస్తుంది.

షెర్మన్ ట్యాంకులో ఐదుగురు. కమాండరు, గన్నరు, గుండు నింపుతూ వైర్‌లెస్ కూడా చూసే లోడరు, డ్రైవరు, సహాయ డ్రైవరు. మన ఇళ్ళలో వంటగది పాటి చోటు కూడా ఉండదు. అందులోనే తొంభైకి పైగా గుళ్ళు, మందుగుండు, పెట్రోలు, వైర్‌లెస్, తిండి. జర్మను 88 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు తగిలితే ట్యాంకు భగ్గున అంటుకునేది. పెట్రోలు వల్లే ఇలా మండుతుందని ఆనాడు అందరూ అనుకున్నారు. తర్వాత పరిశీలించి, లోపల పేర్చిన గుళ్ళలోని మందే ముఖ్య కారణమని తేల్చారు. కారణం ఏదైనా, దూకడానికి దొరికేవి కొద్ది క్షణాలే.

ఇక ఆనాటి ఒక రోజు ఎలా గడిచేదో చూద్దాం. నార్మండీలో జూన్ నెలలో రాత్రి చాలా పొట్టి. సైన్యం గడియారం ప్రకారం ఉదయం ఐదు దాటేసరికి వెలుతురు, రాత్రి పదకొండు వరకు మసక వెలుతురు. తెల్లవారకముందే లేచి, ఇంజను వేడెక్కించి, తుపాకుల వెనుక సిద్ధంగా కూర్చోవాలి. ఆ తర్వాత పదాతి దళం వెంట పొలం పొలం ముందుకు సాగడమో, లేదా ఒక గట్టు చాటున గంటల తరబడి కదలకుండా కాచుకోవడమో. కమాండరు తల బయట పెట్టకపోతే ఏమీ కనబడదు. బయట పెడితే దాగి ఉన్న తుపాకికి, మోర్టారు ముక్కకు గురి అవుతుంది. అందుకే చనిపోయిన వారిలో ట్యాంకు కమాండర్లు, యువ అధికారులు అంతమంది. పగలంతా కిందికి దిగే వీలు లేకపోతే కాలకృత్యాలకు ఖాళీ గుండు తొడుగే గతి. ధూళి లేపితే శత్రువు గుళ్ళు కురిపిస్తాడు కనుక మెల్లగా నడపాలి. ఎండలో ఉబ్బిపోయిన పశువుల కళేబరాల దుర్వాసన ఎటు పోయినా వెంటాడేది.

చీకటి పడ్డాక ట్యాంకులన్నీ కాస్త వెనక్కు వచ్చి ఒకచోట గుమిగూడేవి. విశ్రాంతి అప్పుడూ లేదు. లారీల్లో వచ్చిన పెట్రోలు పోసుకోవాలి. ట్యాంకు ఖాళీ అయి ఉంటే 20 లీటర్ల డబ్బాలు 25, 30 ఎత్తి పొయ్యాలి. ఒక్కొక్కటి 9 కిలోల బరువుండే గుళ్ళు చేతులు మార్చుకుంటూ లోపల పేర్చాలి. గొలుసులు బిగించాలి, తుపాకి గొట్టం తుడవాలి. అధికారులు టార్చి వెలుతురులో మర్నాటి ఉత్తర్వులు రాసుకోవాలి. తర్వాత వంతులవారీ కాపలా. నిద్రకు మిగిలేది రెండు మూడు గంటలు. ట్యాంకు పక్కన టార్పాలిన్ కప్పుకుని పడుకునేవారు. దాని కింద పడుకోవద్దని హెచ్చరిక ఉండేది. మెత్తటి నేలలో రాత్రికి రాత్రి ట్యాంకు కుంగితే కింద ఉన్నవాళ్ళ గతి చెప్పనక్కరలేదు.

తిండి చెక్కపెట్టెల్లో వచ్చేది. ఒక పెట్టె పద్నాలుగు మందికి ఒక రోజు సరిపోతుందని లెక్క. అంటే ఒక ట్యాంకులోని ఐదుగురికి సుమారు మూడు రోజులు. డబ్బా మాంసం, డబ్బా పళ్ళు, గట్టి బిస్కట్లు, మిఠాయి, సిగరెట్లు, సబ్బు అన్నీ అందులోనే. పాలపొడి, చక్కెర, తేయాకు ముందే కలిపిన పొడి ఉండేది. వేడినీళ్ళలో వేస్తే టీ. ఆ టీ రుచి గురించి ఎవరూ పొగడలేదు గాని, అది లేకుండా ఎవరూ బతకలేదు. కాస్త తెరిపి దొరికితే చాలు, ఎవరో ఒకరు దిగి పొయ్యి వెలిగించేవారు. అన్ని ట్యాంకుల్లోనూ ఇది మతాచారం లాంటిది. చావు పక్కనే ఉన్నా ఐదుగురు కలిసి ఒక కప్పు టీ తాగే వేళకు అది కుటుంబమే. అధికారి కూడా ఆ ఐదుగురిలో ఒకడు. అదే డబ్బాలో తింటాడు, అదే టార్పాలిన్ కింద పడుకుంటాడు.

కవి, ప్రధాన కార్యాలయం

రెజిమెంటులో కీత్ డగ్లస్ అనే యువకవి ఉండేవాడు. 1942లో ఎల్ అలమీన్ యుద్ధం మొదలైనప్పుడు ఆయన్ను వెనుక డివిజన్ కార్యాలయంలో కూర్చోబెట్టారు. ఆయన అనుమతి లేకుండానే ఒక లారీ తీసుకుని యుద్ధరంగంలోని తన రెజిమెంటుకు వచ్చి చేరాడు. సర్వీసు నిబంధనల ప్రకారం ఇది నేరమే. కాని అధికారులకు మనుషులు కావాలి, ఈయనకు యుద్ధం కావాలి, అలా సర్దుబాటయింది. ఆ ఎడారి అనుభవాల పుస్తకం 1946లో అచ్చయింది. దాన్ని చూసుకోవడానికి ఆయన లేడు. 1944 జూన్ 9న సెంట్ పియెర్ అనే ఊరి దగ్గర మోర్టారు గుండుకు బలయ్యాడు. వయసు 24.

రెండు రోజుల తర్వాత, జూన్ 11న, అదే ఊళ్ళో రెజిమెంటు ప్రధాన కార్యాలయం మీద గుండు పడింది. కల్నల్ అప్పటికే గాయపడి వెళ్ళిపోగా, ఆ స్థానంలో ఉన్న మేజర్ మైఖేల్ లేకాక్, అడ్జుటంట్ జార్జి జోన్స్, ఇంటెలిజెన్స్ అధికారి లారెన్స్ హెడ్ ముగ్గురూ ఒక్కసారే పోయారు. ఆఫీసరు, సూపరింటెండెంటు, రికార్డు చూసేవాడు ఒకే పూట పోతే ఆ ఆఫీసు గతి ఏమిటో ఆలోచించండి. అయినా మర్నాడు ఉదయం ట్యాంకులు కదలవలసిందే. ఆ నెలలోనే క్రిస్టోఫర్‌సన్ కమాండింగ్ ఆఫీసరు అయ్యాడు. ఆ గుర్రం ఎక్కిన ఆయనే యుద్ధం ముగిసేదాకా రెజిమెంటును నడిపించాడు.

పాద్రీ చేతి పుస్తకం

ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పిన మనిషి ఇప్పుడు వస్తాడు. ఆయన తుపాకి పట్టలేదు. రెజిమెంటుకు పాద్రీగా ఉన్న లెస్లీ స్కిన్నర్, మెథడిస్టు మతగురువు. ఆయన కూడా జూన్ 6నే తీరంలో దిగాడు.

ట్యాంకు కాలిపోతే అందులోని వాళ్ళను బయటకు తీయాలి. ఆ పని స్కిన్నర్ తన నెత్తిన వేసుకున్నాడు. చల్లారిన ట్యాంకులోకి తానే దిగి, మిగిలిన ఎముకలను, బూడిదను ఏరి, ఏవి ఎవరివో తేల్చడానికి శాయశక్తులా ప్రయత్నించి, దుప్పటిలో చుట్టి, పూడ్చి, ప్రార్థన చేసేవాడు. సాయానికి మనుషులను ఇస్తామని స్క్వాడ్రన్ అధికారి అంటే వద్దన్నాడు. రేపు అదే రకం ట్యాంకులో కూర్చుని పోరాడవలసిన కుర్రాళ్ళు లోపల ఏముందో చూడకూడదని ఆయన ఉద్దేశం. ఆ పని చేసి వచ్చి తాను జబ్బుపడేవాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళేవాడు. కీత్ డగ్లస్‌ను పొదల పక్కన పూడ్చినదీ ఆయనే.

పూడ్చాక పని అయిపోయేది కాదు. ఎవరు, ఎప్పుడు, పటంలో సరిగ్గా ఏ చోట అన్నది చేతి పుస్తకంలో రాసేవాడు. ఆ తర్వాత ఇంటికి ఉత్తరం. సైన్యం తరపున సిపాయి కుటుంబానికి వెళ్ళేది ఒక అచ్చు ఫారం. మరణానికి బి 104-82, గల్లంతుకు బి 104-83. ఖాళీల్లో పేరు, నంబరు, తేదీ నింపితే సరి. ఆ ఫారం నింపిన గుమాస్తా తప్పేమీ లేదు, రోజుకు ఎన్నో నింపాలి. కాని తల్లికి ఫారం చాలదు. మీవాడిని నా చేతులతో పూడ్చాను, చోటు ఇది అని ఒక మనిషి చెప్పాలి. ఆ మాట స్కిన్నర్ చెప్పాడు.

ఇది ఎంత పెద్ద విషయమో నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లోనే తెలుసుకున్నాను. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో మా శాఖ చిరుద్యోగి ఒకడు కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. శవం లేదు గనుక మరణ ధ్రువపత్రం లేదు. ధ్రువపత్రం లేదు గనుక ఫైలు కదలదు. ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్లు భావించడానికి అప్పటి సాక్ష్య చట్టం 108వ సెక్షను ప్రకారం ఏడేళ్ళు గడవాలని పై నుంచి రాశారు. అతని భార్య నెల నెలా వచ్చి నా బల్ల ముందు నిలబడేది. ఒకరోజు డబ్బు సంగతి అడగలేదు. “బాబూ, నేను బొట్టు పెట్టుకోవాలా, తీసెయ్యాలా? ఆ మాటన్నా చెప్పండి” అంది. నా దగ్గర జవాబు లేదు. చివరకు ఆ రాత్రి అతనితో ఒకే చెట్టు పట్టుకుని ఉండి బతికిన తోటి ఉద్యోగి ఒకడు ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చి, ఏ చోట, ఏ వేళకు, ఎలా చెయ్యి జారిందో వాఙ్మూలం ఇచ్చాడు. దానితో పంచనామా రాశారు. ఫైలు కదిలింది. ఆమె ఆ కాగితం చదవమని రెండుసార్లు అడిగి, విని, కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. పింఛను మంజూరైన రోజు కంటె ఆ కాగితం విన్న రోజే ఆమె ముఖంలో కాస్త స్థిమితం చూశాను.

అందుకే స్కిన్నర్ చేతి పుస్తకం గురించి చదివినప్పుడు నాకు అది మతగురువు పుస్తకంలా తోచలేదు. మన సెక్షనులో ఉండవలసిన రిజిస్టరులా తోచింది. ఆయన నమోదుల వల్ల ఎన్ని ఇళ్ళలో ఏడేళ్ళ ఎదురుచూపు తప్పిందో!

సముద్రంలో మునిగిన వాళ్ళ కోసం, సమాధి తెలియని వాళ్ళ కోసం బాయు పట్టణంలోనే ఒక స్మారక మండపం కట్టారు. దాని మీద సుమారు 1,800 పేర్లు చెక్కి ఉన్నాయి. ఎదురుగా ఉన్న శ్మశానంలో నాలుగు వేలకు పైగా సమాధులు. అధికారి అయినా, సిపాయి అయినా రాయి ఒకే కొలత. హోదా తేడా లేని వరస అది ఒక్కటే.

మిగిలిన దారి

నార్మండీ తర్వాత కథను క్లుప్తంగా ముగిస్తాను. ఆగస్టు చివరికి జర్మను సేన వెనుదిరిగింది. సెప్టెంబరులో బెల్జియంలోని హేల్ దగ్గర భీకర పోరాటం. ఆ నెలలోనే హాలండులోని నైమేగెన్. నవంబరులో గైలెన్‌కిర్షెన్, బురదలో కూరుకుపోయే ట్యాంకులు, జర్మనీ గడ్డ. చలికాలంలో ఇనుప గోడలు ముట్టుకుంటే చెయ్యి అంటుకునేది. 1945 మార్చిలో రైన్ నది దాటారు. ఏప్రిల్‌లో బ్రెమెన్. మే 8న యుద్ధం ముగిసింది. నార్మండీలో మొదటి రోజు దిగి, చివరిదాకా ట్యాంకులో మిగిలినవారు కొద్దిమందే. ఆ రోజు సంబరాలు జరిగాయి. కాని పాతకాపులు చాలామంది నిద్రపోయారనీ, మర్నాడు లేచి ఏ పని చెయ్యాలో తోచక తిరిగారనీ చదివితే నమ్మబుద్ధి అవుతుంది. పదవీ విరమణ చేసిన మర్నాడు పొద్దున మన స్థితి కూడా అదే కదా.

మన వైపు సంబంధం కూడా ఒక మాట చెప్పాలి. ఇదే షెర్మన్ ట్యాంకులతో 1945 మార్చిలో బర్మాలోని మెయిక్తిలా యుద్ధంలో పోరాడిన రెజిమెంట్లలో ఒకటి రాయల్ డెక్కన్ హార్స్. నిజాము కాలపు హైదరాబాదు కంటింజెంటు ఆశ్విక దళంలో దాని మూలాలు ఉన్నాయి. అదీ గుర్రాల నుంచి ట్యాంకులకు మారినదే. ఇరవై ఏళ్ళ తర్వాత, 1965 యుద్ధంలో, అసల్ ఉత్తర్ దగ్గర అదే రెజిమెంటు షెర్మన్లతోనే నిలబడి పోరాడింది. అప్పటికి అవి పాతబడిన ట్యాంకులు. పాతబడినవన్నీ పనికిరానివి కావని మన వయసు వాళ్ళం సంతోషించవచ్చు.

షెర్వుడ్ రేంజర్ల పేరు ఇప్పటికీ బ్రిటిషు సైన్యంలో ఒక స్క్వాడ్రన్‌గా నిలిచి ఉంది. వారి ట్యాంకుల్లో ఉన్న కుర్రాళ్ళు దాదాపు అందరూ కాలం చేశారు. రాజులు, ప్రధానులు చూసిన అభ్యాసాల సంగతి చరిత్ర ఎలాగూ రాసుకుంటుంది. ఒక పొద పక్కన ఎవరిని పూడ్చారో రాసి ఉంచడానికి మాత్రం ఒక మనిషి చేతిలో ఒక పుస్తకం, ఒక పెన్సిలు ఉండాలి. మన సభ్యులలో దస్తూరి బాగున్నవారు చాలామంది ఉన్నారు. మన సహోద్యోగుల పేర్లు, వారు పనిచేసిన చోట్లు, పోయిన తేదీలు, కుటుంబాల చిరునామాలు ఒక రిజిస్టరులో ఎక్కించే పని సంఘం తలపెడితే, అందులో మొదటి పేజీ రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.